అమ్మభాషని అమ్ముకుంటున్నానట!

“అమ్మభాషని కూడా అమ్ముకుంటారా అండీ?”

పోయిన నవంబరులో, కార్తీక వనభోజనాల దగ్గర ఒకాయన నన్నడిగిన మాట ఇది. వనభోజనాలని పేరే గానీ ఐర్లాండ్ వానలో, చలిలో వనమెక్కడిది! డబ్లిన్‌లో ఒక స్పోర్ట్స్ హాలు అద్దెకి తీసుకుని ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన చేతిలో పులిహోర ప్లేటు. ఆ పులిహోర కలిపింది నేనే. నాలుగు కిలోల బియ్యం. ముందురోజు రాత్రి పదకొండింటిదాకా చింతపండు గుజ్జు ఉడికిస్తూ నిలబడ్డాను. దానికి ఎవరూ పైసా ఇవ్వలేదు, నేనూ అడగలేదు. అదంతా బాగానే ఉంది ఆయనకి.

ఆ రోజు నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవడం మనకి చిన్నప్పుడే బాగా నేర్పారు కదా. ఇంటికొచ్చి గిన్నెలు తోముతుంటే మొదలైంది కడుపుమంట. అది చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

నేను చేసిన నేరం ఏమిటంటే, అక్టోబరు మిడ్‌టర్మ్ సెలవుల్లో విక్లో కొండల దగ్గర ఒక ఇల్లు అద్దెకి తీసుకుని, ఎనిమిది మంది తెలుగు పిల్లల్ని మూడు రోజులు అక్కడ ఉంచి, లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా తెలుగులోనే బతికించాను. పిల్లకి 190 యూరోలు తీసుకున్నాను. ఈ రెండో ముక్కే కొరుకుడు పడటం లేదు చాలామందికి.

ఈ ఆలోచన నా బుర్రలో పుట్టింది కాదు, మా అమ్మాయి తెచ్చింది. దానికి నాలుగేళ్ళప్పుడు ఈ దేశం వచ్చాం. ఇక్కడి బళ్ళలో ఐరిష్ భాష తప్పనిసరి కాబట్టి మొదటి తరగతుల నుంచీ నేర్చుకుంటూనే ఉంది. ఎనిమిదేళ్ళు నేర్చుకున్నాక కూడా దానికి ధారాళంగా వచ్చిన వాక్యం ఒకటే. “నేను టాయిలెట్‌కి వెళ్ళొచ్చా?” నవ్వకండి, ఇక్కడి వాళ్ళనెవరినడిగినా ఆ ఒక్క వాక్యం గుర్తుందనే చెప్తారు. 2022 జనాభా లెక్కల్లో ఐరిష్ వచ్చని రాయించుకున్నవాళ్ళు 18 లక్షల 70 వేల పైచిలుకు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్ళు మాత్రం 72 వేల లోపు! వారానికిన్ని గంటలని పుస్తకం ముందు కూర్చోబెడితే భాష పరీక్షలోకి వస్తుంది గానీ నోట్లోకి రాదని ఈ దేశమంతా సాక్ష్యం చెప్తోంది.

మరి ఆ 72 వేలమంది? వాళ్ళలో కొంతమంది పడమటి తీరంలో, గేల్తాక్త్ అని పిలిచే ఊళ్ళలో ఉంటారు. గాల్వే దగ్గర కానెమరా, పైన డానిగాల్, కింద కెర్రీ ఇలా. ప్రతి వేసవిలో దేశం నలుమూలల నుంచీ పిల్లలు మూడేసి వారాలు ఆ ఊళ్ళకెళ్ళి ఐరిష్‌లోనే ఉండి వస్తారు. పదమూడేళ్ళప్పుడు మా అమ్మాయీ కానెమరా వెళ్ళింది. వెయ్యి యూరోల పైనే కట్టాం. మావారు ఒక్క మాటైనా అనకుండా కట్టారు, ఇది గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను దీని దగ్గరికి.

అక్కడ పిల్లలుండేది హాస్టల్లో అనుకున్నాను. కాదు, మామూలు ఇళ్ళలో. ఒక్కో ఇంట్లో ఎనిమిది మందో పది మందో, గదికో రెండు అంతస్తుల మంచాలు. ఆ ఇంటి ఇల్లాలిని బాన్ అ టీ అంటారు. అంటే ఇంటావిడ. అంతే, వేరే బిరుదేమీ లేదు. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం ఆటలు, రాత్రి డాన్సులు ఎవరో పెడతారు. కానీ “చెప్పులు బయట విడువు, బంగాళదుంపలు ఇంకో రెండు వేసుకో, తడి బట్టలు ఇలా పడేస్తావా” అనేది ఆవిడే, అదీ ఐరిష్‌లో. భాష అసలు నేర్పేది ఆవిడ. ఆవిడకి డబ్బులిస్తారు. పిల్లల ఫీజులో వాటా ఉంటుంది, పైగా ఒక్కో పిల్లకి రాత్రికి ఇంతని ప్రభుత్వం కూడా ఆ ఇళ్ళకి ఇస్తుంది. ఆ ఊళ్ళో ఎవరూ ఆవిడ గుమ్మం ముందు నిలబడి “ఏమ్మా, అమ్మభాషని అమ్ముకుంటున్నావా” అనరు. ఆవిడ లేకపోతే ఆ వేసవి లేదు, ఆ పిల్లలకి ఆ భాషా లేదు. అది వాళ్ళకి తెలుసు.

మూడు వారాల తర్వాత దాన్ని తీసుకురావడానికి వెళ్ళాం. ఆ ఇంటావిడని కావలించుకుని గడగడా ఏదో చెప్తోంది. ఆవిడ ఏదో అంటే ఇది పకపకా నవ్వుతోంది. ఎనిమిదేళ్ళుగా లోపల గడ్డకట్టుకుపోయి ఉన్నదంతా కరిగి బయటికొచ్చినట్టుంది. కార్లో వస్తూ నన్నడిగింది, ఇంగ్లీషులోనే, “అమ్మా, తెలుగుతో నువ్వెందుకు ఇలా చెయ్యలేదు?”

నా దగ్గర జవాబు లేదు. ఆదివారం ఆదివారం మా అమ్మకి వీడియో కాల్ చేసినప్పుడు ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు, మీ ఇళ్ళలోనూ అదే కాబట్టి. “ఏం తిన్నావే బంగారం?” “రైస్.” “కూరేమిటి?” “పొటాటో.” ఆ తర్వాత ఇది సోఫాలో జారుకుంటుంది, నేను మధ్యలో దుబాసీలా కూర్చుంటాను. అమ్మ మాత్రం ప్రతిసారీ “దానికి అర్థమవుతుందిలే” అంటుంది. అర్థమవుతుంది, నిజమే. మన పిల్లలందరికీ అర్థమవుతుంది. మా అమ్మాయికి ఐరిష్ కూడా అర్థమయ్యేది, కానెమరా వెళ్ళకముందు.

ఇక్కడ ఒక మాట, మాతృభాష అనే పదం మీద. ఆ పదం ఎవరు పెట్టారో గానీ భారమంతా తీసుకొచ్చి మన నెత్తినే పెట్టారు. పిల్లాడికి తెలుగు రాకపోతే “తల్లి నేర్పలేదు.” తండ్రి ఆఫీసు నుంచి వచ్చి, యాస అబ్బుతుందని వాడితో ఇంగ్లీషులో కబుర్లు చెప్తాడు, దాన్ని పెంపకం అంటారు. తల్లి నేర్పితే గొప్పేముంది, అది ఆవిడ పనే. పక్కింటి పిల్లలకి కూడా నేర్పితే సేవ. డబ్బులడిగితే మాత్రం అమ్ముకోవడం! అదే మనుషులు కూచిపూడికి నెలనెలా కడతారు, కర్ణాటక సంగీతానికి కడతారు, ఈతకి కడతారు, లెక్కల ట్యూషన్‌కి కడతారు. కూచిపూడి మనది కాదా? త్యాగరాజు మనవాడు కాడా? నేర్పేవాళ్ళకి కష్టం ఉంటుందని అక్కడ ఒప్పుకుంటారు. భాష దగ్గరికొచ్చేసరికి, ఆడది వంటింట్లో ఎలాగూ మాట్లాడేదేగా, కాస్త గట్టిగా మాట్లాడితే సరిపోయె, దానికి డబ్బులా అని.

ఉచితంగా చెయ్యలేదనుకున్నారా? రెండేళ్ళు చేశాను. శనివారం పొద్దున మా ముందుగదిలో. మొదట్లో పదకొండు మంది, దసరా వెళ్ళేసరికి ఏడుగురు, క్రిస్మస్‌కి ముగ్గురు. “సారీ అండీ, బర్త్‌డే పార్టీ ఉంది” అని పది నిమిషాల ముందు మెసేజ్. బర్త్‌డే పార్టీ మానరు, ఫుట్‌బాల్ మానరు. ఊరికే వచ్చేది కాబట్టి తెలుగు మానేస్తారు. 190 తీసుకున్నప్పుడు ఒక్కరూ మానలేదు. ఒక పిల్లకి జలుబు చేస్తే వాళ్ళమ్మ మిరియాల పాలు ఫ్లాస్కులో పోసి మరీ పంపింది.

సరే, వ్యాపారం ఎలా మొదలుపెట్టానో చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. నేను వచ్చినప్పుడు నా కార్డు మీద స్టాంప్ 3, అంటే విడిగా పర్మిట్ తెచ్చుకుంటే తప్ప పనే చేయకూడదు. 2019 నుంచి నిపుణుల పర్మిట్ మీద వచ్చినవాళ్ళ భార్యలకీ భర్తలకీ స్టాంప్ 1జి ఇస్తున్నారు. దాని మీద ఉద్యోగం చేయొచ్చు, సొంత వ్యాపారం మాత్రం కుదరదు. స్టాంప్ 4 వచ్చాక గానీ నాకు దారి తెరుచుకోలేదు. మీరు ఏ దేశంలో ఉన్నా ముందు ఈ సంగతి చూసుకోండి తల్లులూ, ఒక్క యూరో తీసుకునే ముందే. ఆ తర్వాత పన్నుల వాళ్ళ దగ్గర నమోదు, ఇన్సూరెన్సు. పిల్లలతో పనంటే పోలీసు వెట్టింగ్ ఉండాలి, అది మనంతట మనం చేయించుకునేది కాదు, ఒక నమోదైన సంస్థ ద్వారానే జరగాలి. పిల్లల భద్రతకి ఏమేం చేస్తామో కాగితం మీద రాసి పెట్టాలి, చట్టం ఉంది. ఇదంతా అయ్యేసరికి ఏడు నెలలు. మావారు “నీకెందుకీ తలనొప్పి, నా జీతం చాలట్లేదా” అన్నారు. మా అత్తగారు ఫోన్లో “మనింటి కోడలు మెస్సు పెట్టిందని చెప్పుకోవాలా” అన్నారు. ఇద్దరికీ ఒకటే చెప్పాను, జీతం చాలక కాదు, నా పనికి ధర ఉందో లేదో చూద్దామని.

సలహాలకేం తక్కువ లేదు. పట్టు లంగాలు కట్టించి ఫొటోలు తీయమన్నారు. పల్లెటూరి సెట్టింగు, ఎడ్లబండి బొమ్మ, అరటాకులో భోజనం పెడితే రెట్టింపు తీసుకోవచ్చన్నారు. అలాంటివి చూశాను నేను, రోజంతా పల్లెటూరే, “స్మైల్ ప్లీజ్, లుక్ హియర్” తప్ప మాటే వినపడదు. నాకు ఎడ్లబండి అక్కర్లేదు. వంటిల్లు చాలు, వంటింట్లోకి సరిపడా మనుషులు చాలు.

మనుషులు అని ఎందుకన్నానంటే, ఇది నాకు ఆ మూడు రోజుల్లోనే అర్థమైంది. మన పిల్లలకి వచ్చిన కాస్త తెలుగూ అమ్మ నోటి ఆజ్ఞలే. తిను, రా, పడుకో, స్నానం చెయ్యి. తినండి, రండి అనే మాటలు ఇంట్లో ఎవరు ఎవరితో అనాలి? తాతయ్యలు లేరు, పెద్దనాన్నలు లేరు. అందుకే ఇంటికొచ్చిన పెద్దమనిషిని వాడు “అంకుల్, కూర్చో” అంటాడు, మనం సిగ్గుతో చచ్చి “వాడికి తెలీదండీ” అంటాం. విక్లో ఇంటికి ఒకావిడ తన అత్తగారిని తీసుకొచ్చింది, ఇండియా నుంచి చూడ్డానికొచ్చి ఉన్నారు. గుంటూరు వైపు ఆవిడ, గొంతు మైకు అక్కర్లేదు. మొదటిరోజు మధ్యాహ్నం ఒక తొమ్మిదేళ్ళవాడు “మామ్మా, ఇటు జరుగు” అన్నాడు. ఆవిడ గరిటె పక్కన పెట్టి “జరగండి అనాలిరా భడవా, నేను నీ ఈడుదాన్నా?” అంది. వాడు పదిసార్లు జరగండి, జరగండి అంటూ ఇల్లంతా తిరిగాడు. సాయంత్రానికి కుక్కతో కూడా “జరగండి” అంటున్నాడు, పక్కింటి ఐరిష్ వాళ్ళ కుక్క అది. రెండోరోజుకి తేడా తెలిసింది. ఈ పాఠం ఏ వాచకంలో పెడతారు, ఏ యాప్ చెప్తుంది?

అన్నీ ఇలా సరదాగా జరిగాయని రాస్తే అబద్ధం. నేనొక వెధవ పని చేశాను. ఇంగ్లీషు మాట దొర్లితే వాళ్ళ గ్లాసులో ఒక శనగ గింజ వెయ్యాలని ఆట పెట్టాను. పెద్దవాళ్ళకి కూడా. మొదటి గంటలో సాయానికొచ్చిన ముగ్గురు తల్లుల గ్లాసులే నిండాయి, “యాక్చువల్లీ” దగ్గరే పదిహేను పోయాయి. పిల్లలు పడీ పడీ నవ్వారు. ఆ తర్వాత ఒక పెద్దపిల్లాడు ఏడేళ్ళ పిల్ల గ్లాసులో వరసగా నాలుగు గింజలు వేశాడు. ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే నాకు తెలిసేది. మాట్లాడటం మానేసింది. భోజనం దగ్గర చెయ్యి చూపించి పెరుగు అడిగింది. మా అమ్మాయి నన్ను గదిలోకి లాక్కెళ్ళి “అమ్మా, ఇట్స్ ద బాటా స్కోర్” అంది. పందొమ్మిదో శతాబ్దంలో ఇక్కడి పిల్లల మెడలో ఒక కర్ర కట్టేవారట, ఐరిష్ మాట్లాడిన ప్రతిసారీ దాని మీద ఒక గాటు. సాయంత్రం గాట్లు లెక్కపెట్టి అన్ని దెబ్బలు. దాని పేరే బాటా స్కోర్.

నాకు కాళ్ళు చల్లబడ్డాయి. మన దగ్గర మాత్రం? 2009లో కడప జిల్లా మైదుకూరులో, ఇక తెలుగు మాట్లాడను అని రాసిన పలకలు పిల్లల మెడలో వేశారని పేపర్లన్నీ గగ్గోలు పెట్టాయి. నేను చదివిన కాన్వెంట్లోనూ తెలుగు మాటకి రూపాయి ఫైన్ ఉండేది. ఆ ఫైను కట్టి పెరిగినదాన్ని, అదే పని తిప్పి ఇంకో పిల్లకి చేశాను. గ్లాసుల్లో శనగలన్నీ తీసి నానబోశాను. మర్నాడు గుగ్గిళ్ళు చేసుకుని తిన్నాం. ఆ పిల్ల సాయంత్రం మామ్మగారి పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తూ, ఎవరూ అడక్కుండానే “ఇది కంపు కొడుతోంది” అంది. దానికి ఎవరమూ చప్పట్లు కొట్టలేదు, మామ్మగారు “కొడితే కొట్టనీ, ఒలువు” అంది. అంతే కావాల్సింది.

కాబట్టి మూడు రోజుల్లో మీ పిల్లలకి తెలుగు వచ్చేస్తుందని చెప్పేవాళ్ళని నమ్మకండి. నేను చెప్పినా నమ్మకండి. మూడు రోజుల్లో మొహమాటం పోతుంది, తప్పు మాట్లాడినా కొంప మునగదని తెలుస్తుంది. మిగతాది మీ ఇంట్లో జరగాలి, నాన్నలతో సహా.

ఇక డబ్బుల లెక్క, అందరికీ అదేగా కావాలి. ఎనిమిది మందికి 1,520 యూరోలు వచ్చాయి. ఇంటద్దె 780, సరుకులు 265, పెట్రోలు 85, ఇన్సూరెన్సులో ఈ మూడు రోజుల వాటాగా నేను వేసుకున్నది 150. మిగిలింది 240. ఈ దేశంలో 2025లో కనీస వేతనం గంటకి 13 యూరోల 50 సెంట్లు. అంటే పద్దెనిమిది గంటల కూలి కూడా పూర్తిగా రాలేదు. ఆ మూడు రోజుల్లో నేను నిద్రపోయిందే తొమ్మిది గంటలు. ముందు వారాల పని లెక్కలోకే తీసుకోలేదు. అమ్మభాషని అమ్ముకుని నేను కట్టిన మేడ ఇది.

తగ్గించమని అడిగినవాళ్ళు నలుగురు. నలుగురి ఇళ్ళ ముందూ రెండేసి కార్లు. కేర్ హోమ్‌లో రాత్రి డ్యూటీలు చేసే ఒకావిడకి మాత్రం నేనే సగం తీసుకుంటానన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. మూడు వాయిదాల్లో మొత్తం కట్టింది. “మీరూ రాత్రంతా మెలకువగా ఉండాలిగా అక్కా” అంది. పని చేసేవాళ్ళకే పని విలువ తెలుస్తుంది. వెయ్యి యూరోలు మారుమాట్లాడకుండా ఐరిష్‌కి కట్టిన మావారు కూడా, ఈ 240 చూసి “ఇంతేనా” అన్నారు. “ఆ ఇంటావిడకైతే ప్రభుత్వం కూడా ఇస్తుందండీ” అన్నాను. ఆయన కాసేపు లెక్కల కాగితం తిప్పి, ఈసారి ఇన్సూరెన్సు వాళ్ళతో తను మాట్లాడతానన్నారు. మాట్లాడారు కూడా, 40 తగ్గించారు.

మనలో మనం, ఆడవాళ్ళం కూడా తక్కువ కాదు. “మేమూ ఇంట్లో నేర్పుతాం కదా, మాకెవరిచ్చారు” అన్న మాట నాతో అన్నది ఒక స్నేహితురాలే. నిజమే, ఎవరూ ఇవ్వలేదు. నీకు ఇవ్వలేదు కాబట్టి నాకూ ఇవ్వకూడదంటావా, లేక ఇన్నాళ్ళూ నీకెందుకివ్వలేదని అడుగుతావా? ఆవిడ ఇంకా నాకు జవాబు చెప్పలేదు. ఫోన్లు మాత్రం మామూలుగానే చేస్తోంది, ఆవకాయ ఎప్పుడొస్తుందని.

ఫిబ్రవరి మిడ్‌టర్మ్‌కి అదే ఇల్లు మాట్లాడాను. ఈసారి పది మంది.

పోయిన ఆదివారం అమ్మకి ఫోన్ చేశాం. మా అమ్మాయే విక్లో కబుర్లన్నీ చెప్పింది, ముక్కలు ముక్కలుగా, మధ్యలో నా వైపు చూడకుండా. అమ్మ అన్నీ విని, “అయితే ఒక్కో పిల్లకి ఎంత తీసుకుంది మీ అమ్మ?” అని అడిగింది. అంకెలు దానికి ఇంకా కష్టం. వేళ్ళు మడిచి, పెదాలు కదిపి, “నూట... తొంభై” అంది.

అమ్మ కాసేపు ఆగి, “మరీ తక్కువే” అంది.